హనుమకొండలో కాల్చిన మిరపకాయలు

మా ఇన్‌స్టిట్యూట్ గుమ్మానికి వేలాడే బూడిదగుమ్మడికాయను చూసి నవ్వే మనిషిని నేను. దయ్యమన్నా, దిష్టి అన్నా, ఫలానా ఆవిడ చూపు మంచిది కాదన్నా నాకు చిరాకు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పి బతుకుతున్నాను. తప్పు ఎక్కడుందో వెతకాలి, దొరికిన తప్పు మళ్ళీ అలాగే వస్తుందో లేదో చూడాలి, రాకపోతే నమ్మకూడదు. రోజూ పిల్లలకు చెప్పేది ఇదే. కాబట్టి ఇది చదివి, ఈవిడకు మొదటినుంచీ ఇలాంటి పిచ్చి ఉందేమో అనుకోకండి. లేదు.

ఈమధ్య చాలామంది హైదరాబాద్ వదిలేసి చిన్న నగరాలకు మారిపోతున్నారు. అద్దెలు తక్కువ, ట్రాఫిక్ లేదు, చెరువు పక్కన ఇల్లు దొరుకుతుంది. నా బ్యాచ్‌లో పిల్లలు కూడా అడుగుతుంటారు, మేడమ్, మీరు హనుమకొండ వెళ్ళిపోదామనుకున్నారట కదా, ఎలా ఉంటుంది అని. వాళ్ళకు అద్దెల సంగతీ గాలి సంగతీ చెబుతాను. చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మంజుల, నేను ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది తణుకు, తనది కరీంనగర్ వైపు. నా ‘ఏంటి’ని తను వెక్కిరించేది, తన ‘సుత’ని నేను వెక్కిరించేదాన్ని. కోర్సులు నేర్చుకోవడానికి వచ్చి, చివరికి అమీర్‌పేటలోనే కోర్సులు చెప్పేవాళ్ళమయ్యాం. తను జావా, నేను టెస్టింగ్. పెళ్ళిళ్ళయ్యాక కూడా విడిపోలేదు. బల్కంపేట వెళ్ళే దారిలో ఒకే బిల్డింగ్‌లో, ఒకే అంతస్తులో, ఎదురెదురు పోర్షన్లలో అద్దెకు దిగాం. తన తలుపు తీస్తే నా తలుపు. పొద్దున నా ఇడ్లీలు అటు, రాత్రి తన కూర ఇటు.

తరవాత వాళ్ళాయనకు హనుమకొండ బదిలీ అయింది. వాళ్ళ అత్తగారు అక్కడ వడ్డేపల్లి చెరువు దగ్గర కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఖాళీగా కూర్చోవడం తెలియని మనిషి. మంజుల ఇకమీదట ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పుకుంటానంది. కొడుకు చింటూని తీసుకుని బయల్దేరింది. సామాను ఎక్కిస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒక మాట అంది.

“పైన పోర్షన్ కడుతున్రు. అయినంక అది నీకే సుధా. వేరేటోళ్ళకు ఇయ్యనియ్య.”

ఆ మాట పట్టుకుని కూర్చున్నాను నేను. మా ఆయన పంజాగుట్టలో ఒక చీరల షోరూమ్‌లో ఫ్లోర్ మేనేజర్. వాళ్ళు హనుమకొండలో బ్రాంచి తెరుస్తున్నారని తెలిసి, వెంటపడి ఆయన చేత బదిలీ అడిగించాను. నా పాఠాలు నేనూ ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చు. పోర్షన్ పూర్తవడమే ఆలస్యం అనుకున్నాం. ఆ రోజుల్లో నాకు ఇంకే కోరికా లేదు. ఆ పై పోర్షన్, దాని కిటికీలోంచి చెరువు.

ఈలోపు ఫోన్లో చూస్తూ కూర్చోవడమే మిగిలింది. అదే కొంప ముంచింది.

మంజుల వీడియో కాల్ చేస్తే ముందు చెరువు కనిపించేది, తరవాతే తన మొహం. వరండాలో ఉయ్యాల బల్ల. దాని మీద కాళ్ళు చాపుకుని కాఫీ. ప్రహరీ పక్కన సన్నజాజి పందిరి. చెరువు కట్ట మీద సైకిల్ తొక్కుతూ చింటూ. అమీర్‌పేటలో ఉన్నప్పుడు మంజుల కళ్ళ కింద నల్లటి వలయాలుండేవి. అవి కూడా పోయాయి. నేనేమో ఫోన్ పట్టుకుని మా వంటింటి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఆ కిటికీ తెరిస్తే పక్క హాస్టల్ గోడ, గోడ మీద పైపులు, ఆరేసిన తువ్వాళ్ళు.

దాపరికం ఎందుకు, కుళ్ళుకున్నాను. “ఎంత బాగుందే” అని పైకి అంటూ లోపల కుతకుత ఉడికిపోయాను. హాస్టల్లో నా షాంపూ వాడుకున్న మనిషికి ఉయ్యాల బల్లా? ఇంటర్వ్యూకి నా చున్నీ అరువడిగి వేసుకెళ్ళిన మనిషికి చెరువా? కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అది నేను ఆ ఫోన్ ముందు కూర్చుని రోజూ చేసిన పని.

మంజుల మాత్రం ఎప్పుడూ ఇక్కడి కబుర్లే అడిగేది. తన జావా బ్యాచ్ ఎవరికిచ్చారు, మెట్రో కింద చాట్ బండి ఇంకా పెడుతున్నారా, కరపత్రాలు పంచేవాళ్ళు ఇంకా చేతిలో కుక్కుతున్నారా అని. “నీకేందే, నీ బతుకు నీది” అనేది మధ్యమధ్యలో. అన్నీ ఉన్నవాళ్ళకు ఇలాంటి మాటలు సరదా అనుకుని నేను ఇంకా మండిపోయేదాన్ని.

మొదటిసారి జరిగింది ఒక ఆదివారం. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం మాకు ఆదివారాలు కూడా క్లాసులుంటాయి. సాయంత్రం టీ తాగుతూ ఫోన్ చూస్తే మంజుల స్టేటస్ పెట్టింది. ఉయ్యాల బల్ల మీద తను, వెనకాల చెరువులో ఎర్రగా పొద్దు. ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాను. తరవాత పైకి వెళ్ళి పాఠం మొదలుపెట్టాను.

దీపాలు పెట్టే వేళకు గదిలోకి ఎండుమిరపకాయలు మాడిన ఘాటు వచ్చింది. కొద్దిగా కాదు. ముందు నేను దగ్గాను. తరవాత ముందు బెంచీ, తరవాత గదంతా. కొందరు కర్చీఫులు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తారు. మాది మూడో అంతస్తు, ఏసీ గది. కిటికీలు ఎప్పుడూ తెరవం, ఎందుకంటే వాటి మీద బయటినుంచి ఫ్లెక్సీ కట్టేసి ఉంటుంది. కిందికి దిగి చూశాను. టిఫిన్ సెంటర్ ఆదివారం కాబట్టి మూసి ఉంది. మా గదికి ఆనుకునే ఉన్న పక్క క్లాసులో ఎవరూ దగ్గలేదు, వాళ్ళకు వాసనే తెలియలేదు. నేను తిరిగి పైకి వచ్చేసరికి మా గదిలో కూడా ఏమీ లేదు. అందరి కళ్ళూ మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఇంటికి నడుస్తుంటే మంజుల ఫోన్. ఉయ్యాల బల్ల కొక్కెం ఊడి కిందపడిందట. నడుం పట్టేసిందట. వాళ్ళ అత్తగారు దిష్టి తీశారని నవ్వుతూ చెప్పింది.

“పిడికెడు మిరపకాయలు ఏసింది అత్తమ్మ. జర సుత ఘాటు రాలే. మస్తు దిష్టి తాకిందంట నాకు.”

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. కాలినప్పుడు ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. అది ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఎప్పుడు తీశారని అడిగాను. ఇందాకనే, దీపం పెట్టేటప్పుడు అంది. నేను క్లాసు సంగతి ఎత్తలేదు. యాదృచ్ఛికం అని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండోసారి ఇంట్లో. అది కూడా ఆదివారమే, ఆ రోజు నాకు క్లాసు లేదు. సన్నజాజి పందిరి విరగబూసిందని మంజుల పొద్దున ఫొటో పంపింది. పళ్ళెం నిండా పూలు. బల్కంపేట గుడి దగ్గర నేను మూర పూలు కొనేటప్పుడు ఎంత బేరమాడతానో గుర్తొచ్చి ఆ ఫొటో వైపు రోజంతా చూస్తూనే ఉన్నాను. చీకటి పడే వేళకు వంటిల్లు ఘాటుతో నిండిపోయింది. సరిగ్గా అప్పుడే మా ఆయన లోపలికొచ్చి, దగ్గుతూ, తాలింపు మాడ్చేశావా అని కేకలేశారు. నేను పొయ్యే వెలిగించలేదు. ఆయన స్వయంగా వెళ్ళి బర్నర్ ముట్టుకుని చూశారు. చల్లగా ఉంది. ఆయన కళ్ళు ధారగా కారుతున్నాయి. ఇది నేను ఒక్కదాన్నే ఊహించుకున్నది కాదని చెప్పడానికి ఈ వివరం రాస్తున్నాను.

మర్నాడు నేనే మంజులకు ఫోన్ చేశాను. పందిరి ఒక్కసారిగా వాడిపోయిందట, చింటూకి జ్వరమట. వాళ్ళ అత్తగారు మళ్ళీ దిష్టి తీశారట. మళ్ళీ ఘాటు రాలేదట.

ఒకే తప్పు రెండుసార్లు వస్తే, అది ఎందుకు వస్తోందో తెలిసేదాకా నాకు నిద్రపట్టదు. అందుకని తరవాతి ఆదివారం ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టాను. తణుకు నుంచి మా చిన్నాన్న వాళ్ళు వచ్చారు, వాళ్ళతో నెక్లెస్ రోడ్డు తిరిగాను, మంజుల ఊసే తలచలేదు. ఏ ఘాటూ రాలేదు. సోమవారం మంజుల చెప్పింది, నిన్న మిరపకాయలు వేస్తే ఇల్లంతా దగ్గి చచ్చాం, దిష్టి పోయిందని అత్తమ్మ సంతోషపడింది అని. నేను సరే సరే అని పెట్టేశాను. పిల్లలకు చెప్పే పాఠం ప్రకారం నేను నమ్మాల్సిందే. నమ్మలేదు.

ఈ మధ్యలోనే ఇన్‌స్టిట్యూట్‌లో నన్ను సీనియర్ ఫ్యాకల్టీని చేశారు. పెద్ద హాలు ఇచ్చారు, కాలర్‌కు పెట్టుకునే మైకు ఇచ్చారు. ఆ మైకుతో ఫొటో స్టేటస్ పెట్టుకున్నాను. నాకూ చూపించుకోవడానికి ఒకటి ఉండాలి కదా. మంజుల బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది. ఆ వారమే నా గొంతు బొంగురుపోయింది. దుమ్ము వల్ల అన్నారు డాక్టరు.

పోర్షన్ పూర్తయిందని కబురొచ్చింది. ఒక ఆదివారం మా ఆయనా నేనూ సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాం. ఆటోలో చెరువు దగ్గరికి ఎంతసేపో పట్టలేదు. మారాలనుకునేవాళ్ళు రాసుకోండి, అక్కడ అన్నీ దగ్గరే. మన దగ్గర పంజాగుట్ట సిగ్నల్ దాటేలోపు అక్కడ ఊరు దాటేయవచ్చు. ఇల్లు విశాలంగా దొరుకుతుంది. చేపలు తాజాగా ఉంటాయి. మధ్యాహ్నం మగవాళ్ళు ఇంటికొచ్చి భోంచేసి వెళ్తారు. చీకటి పడుతుండగా చెరువు మీదినుంచి పురుగులు వస్తాయి, లైట్లు వెయ్యకముందే తలుపులు మూసుకోవాలి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే వాసన ఉంటుందట. దుకాణాలు తొందరగా కట్టేస్తారు. ఉద్యోగాలు తక్కువ. ఆటో ఆయన దగ్గరనుంచి కొట్టు ఆవిడ దాకా మీరెవరు, ఎవరింటికి, ఎందుకొచ్చారు అని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు, కానీ అడుగుతారు.

పై పోర్షన్ చూశాను. హాలు కిటికీ తెరిస్తే ఎదురుగా నీళ్ళు, నీళ్ళ మీద కొంగలు. వంటిల్లు మా అమీర్‌పేట హాలంత ఉంది. మా ఆయన కుళాయిలు తిప్పి చూస్తుంటే నేను ఆ కిటికీ పట్టుకుని నిలబడిపోయాను. సంతోషపడాల్సిన చోట నాకు వచ్చిన ఆలోచన ఏంటంటే, ఇన్ని నెలలు దీన్ని మంజుల ఒక్కతే అనుభవించింది కదా అని. నాకే దక్కబోతున్న ఇంట్లో నిలబడి కూడా నేను ఓర్వలేకపోయాను.

కింద మంజుల నా పక్కనే కూర్చుంది. రైలు టికెట్ తీస్తుంటే నా బ్యాగులోంచి ఐడీ కార్డు జారిపడింది. మంజుల దాన్ని తీసుకుని నా కొత్త హోదా చదివింది. కాఫీ తాగుతున్నంతసేపూ ఆ కార్డు తన చేతిలోనే ఉంది. ఇచ్చెయ్యమని వాళ్ళ అత్తగారు చెప్పేదాకా తిరిగి ఇవ్వలేదు.

పొద్దుగూకుతుండగా ఆవిడ వరండాలో కుంపటి పెట్టారు. చింటూకి జ్వరం తగ్గినా నీరసం తగ్గలేదని, ప్రతి ఆదివారం తీస్తున్నారట. మంజులనీ చింటూనీ కూర్చోబెట్టారు. నన్నూ మా ఆయన్నీ చూసి మీరు సుత కూసోండ్రి అన్నారు. నలుగురి చుట్టూ గుప్పిళ్ళు తిప్పి, ఏవో మాటలు గొణిగి, మిరపకాయలూ ఉప్పూ నిప్పుల్లో వేశారు. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లగా ముడుచుకుపోయాయి. పొగ మా మొహాల మీదికే వచ్చింది. ఎవరికీ దగ్గు రాలేదు. చింటూ పొగలోకి చెయ్యి పెట్టి ఆడుకున్నాడు. నేను వంగి గట్టిగా పీల్చాను. అగరొత్తి పొగకున్నంత వాసన కూడా లేదు.

ఆవిడ కుంపటి వైపు చూసి, తరవాత నా వైపు చూశారు. కోపం లేదు. జ్వరం ఎంతుందో చూసే నర్సు చూపు అది.

“ఇంటికి పోయినంక జర మీ ఇల్లు సూస్కో బిడ్డా,” అన్నారు.

మేం అమీర్‌పేట చేరేసరికి మా బిల్డింగ్ మెట్ల దగ్గర షాహీన్ ఆపా నిలబడి ఉంది. కింద పోర్షన్లో టైలరింగ్ చేస్తుంది, నా బ్లౌజులన్నీ ఆవిడే కుడుతుంది. మమ్మల్ని చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంది. సాయంత్రం మా ఇంట్లోంచి మిరపకాయల పొగ ఘాటు మెట్ల మీదిదాకా వచ్చిందట. ఇంటికి తాళం. నిప్పంటుకుందేమోనని అందరూ భయపడ్డారట, ఇంటి ఓనరు తాళం పగలగొట్టించబోతుంటే ఘాటు దానంతట అదే పోయిందట. మేం తలుపు తీసి గదులన్నీ చూశాం. వంటింట్లో గ్యాస్ కట్టేసే ఉంది. మిరపకాయల డబ్బా మూత బిగించే ఉంది. మా ఆయన ఆ రాత్రి నన్ను ఒకటి రెండుసార్లు అదోలా చూశారు.

ఆ తరవాత కొన్నాళ్ళకు మంజుల ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. పై పోర్షన్లోకి వాళ్ళ అత్తగారి తమ్ముడి కొడుకు దిగుతున్నాడట. ముందే మాటిచ్చారట, తనకు తెలియదట. ఏమనుకోకు అంది. నేనేమీ అనుకోవట్లేదు అని పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు విసిరేశాను. మా ఆయన పాపం, చెరువు చుట్టూ ఇంకా బోలెడు ఇళ్ళున్నాయి, వేరేది చూద్దాం అన్నారు. వేరేది నాకెందుకు? వేరే ఇంట్లో ఉంటే పొద్దున లేచి ఆ వరండా వైపే చూస్తూ కూర్చుంటాను. బదిలీ వద్దని రాసిచ్చెయ్యమన్నాను. ఆయన రాసిచ్చేశారు. ఆ రోజునుంచి మంజుల ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడాను.

నా గొంతు మాత్రం రాలేదు. మైకు పెట్టుకున్నా వెనక వరసలకు గరగర తప్ప వినిపించేది కాదు. మందులు మార్చారు, పరీక్షలు చేశారు, గొంతులో ఏమీ లేదన్నారు. పాఠం చెప్పడానికి గొంతు లేకపోతే నేనెందుకు? పెద్ద హాలు తాత్కాలికంగా ఇంకొకరికి ఇచ్చారు. బ్లౌజు తీసుకోవడానికి వెళ్తే షాహీన్ ఆపా నా మాట విని సూది పక్కన పెట్టేసింది.

“నజర్ తగిలింది మేడమ్ మీకు. డాక్టర్ ఏం చేస్తడు? రేపు ఇత్వార్ కదా, మగ్రిబ్ నమాజ్ టైముకు నేను తీస్తా.”

వద్దనడానికి కూడా గొంతు లేదు నాకు. ఆదివారం సాయంత్రం ఆపా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిప్పులు అడిగి పాత మూకుడులో తెచ్చింది. మా గుమ్మం బయట, రెండు పోర్షన్ల మధ్య నడవాలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా మంజుల వాళ్ళుండిన పోర్షన్. వాళ్ళ తరవాత కొందరు బ్రహ్మచారులు దిగారు, ఆ నెలలోనే ఖాళీ చేశారు. తలుపుకు టులెట్ బోర్డు వేలాడుతోంది. ఆపా తన పద్ధతిలో ఏదో చదువుతూ మిరపకాయలు తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది.

కాలాయి. పొగ లేచింది. ఆపా ముక్కుకు అడ్డం పెట్టుకున్న దుపట్టా తీసేసింది. మా ఆయన గుమ్మంలో నిలబడి నా వైపు చూశారు. ఘాటు లేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. మంజుల. ఎత్తితే ముందు దగ్గు. ఆగకుండా దగ్గు. వెనక చింటూ దగ్గుతున్నాడు, ఇంకెవరో కిటికీలు తెరుస్తున్న చప్పుడు.

“సుధా, అత్తమ్మ నీకు ఫోన్ చెయ్యమన్నది. ఇల్లంత మిరపకాయల ఘాటు. పొయ్యి సుత ముట్టియ్యలే మేము. నీ దగ్గర ఏమైతున్నది?”

“నాకు దిష్టి తీస్తున్నారే,” అన్నాను.

అటువైపు దగ్గు మెల్లగా తగ్గింది. ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టు చప్పుడైంది.

“గట్లయితే అది నాదే,” అంది మంజుల. “నువ్వు ఫోన్ల మాట్లాడుకుంట క్లాసుకు ఉరుకుతవ్ సూడు, గప్పుడు నాకు కడుపుల మండుతది. ఆ మైకు ఫొటో సూసి ఒక దినం అన్నం తినలే. నా బ్యాచులన్ని పోయినయే. ఈడ అందరు మంచోళ్ళే, కానీ గేటు దాటితె ఏడికి పోతున్నవని అడుగుతరు. చెరువు తప్ప నాకేం లేదిక్కడ.”

నేను వింటున్నాను. ఆ మనిషి నన్ను చూసి కుళ్ళుకుందా? ఉయ్యాల బల్ల మీద కూర్చుని, నా ఇరుకు వంటింటినీ, నా పరుగునూ చూసి? జాలి కలగాలి కదా అప్పుడు. నాకు కలిగింది జాలి కాదు. వంట్లో ఎక్కడో హాయిగా ఉంది. నాకు పోర్షన్ రాకుండా చేసింది వాళ్ళ అత్తగారేనా, లేక తనేనా అని కూడా ఆ క్షణంలోనే తోచింది. అడగలేదు.

“సుధా,” అంది మళ్ళీ, చిన్నగా. “మా ఆయన మళ్ల ఆడికి వచ్చెటందుకు ఒప్పుకుంటుండు. చింటూ ఇస్కూలు సుత ఆడనే సూస్తం. మన పోర్షన్ ఖాళీగనే ఉన్నదా?”

టులెట్ బోర్డు నా కళ్ళెదుటే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

“లేదే. మొన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారు,” అన్నాను.

ఆ మాట మాత్రం బొంగురు లేకుండా, క్లాసులో చివరి బెంచీకి వినిపించేంత స్పష్టంగా వచ్చింది. షాహీన్ ఆపా నా గొంతు విని, నజర్ ఉతర్ గయీ, దిష్టి దిగిపోయింది అని సంతోషపడింది. మా ఆయన మాత్రం బోర్డు వైపు, నా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

జరిగింది ఇంతే. ఇక్కడ కాల్చిన మిరపకాయల ఘాటు అక్కడికి ఎలా పోతుంది, అక్కడ కాల్చింది తాళం వేసిన ఇంట్లోకి ఎలా వస్తుంది, నాకు తెలియదు. మా ఆయన, షాహీన్ ఆపా, ఆ రోజు క్లాసులో దగ్గిన పిల్లలు, వీళ్ళంతా సాక్షులు. ఒక్కరూ నాకు కారణం చెప్పలేకపోయారు. చదువుకున్నదాన్ని కాబట్టి నేనూ వెతికాను, దొరకలేదు.

ఆ బోర్డు ఇంకా అక్కడే ఉంది. చాలామంది వచ్చి చూసి వెళ్తున్నారు, ఎవరూ దిగడం లేదు. నా గొంతు ఆ ఒక్క సాయంత్రం బాగుండి, మర్నాటికి మళ్ళీ బొంగురుపోయింది. మంజుల ఇంకా నన్ను చూస్తోందని అర్థం, అది తలచుకుంటే మళ్ళీ అదే హాయి. డాక్టరు మళ్ళీ మందులు మార్చారు, ఈసారి తప్పకుండా వస్తుందన్నారు. నేను తల ఊపి వచ్చేశాను కానీ, ఆ మందులు వేసుకోవడం లేదు.